అపెదునో తీగ

అమోదింగ్ కోపం సంగతి పక్కన పెట్టి అమోదింగ్ గురించి చెప్పడం ఎవరివల్లా కాదు. తేసో జాతివాళ్ళ నేలలో, చిత్తడి అంచునున్న ఆ ఊళ్ళో, ఆమె పొద్దున్నే గొంతు విప్పిందంటే ఇవాళ ఎవరి వంతో అని పక్కిళ్ళవాళ్ళు చెవులు రిక్కించేవాళ్ళు. మేకను కట్టెయ్యనివాడి మీద కోపం. గుడిసె ముందు ఊడవని కోడలి మీద కోపం. చర్చిలో పాట సాగదీసేవాళ్ళ మీద కూడా కోపమే. మొగుడు పోయిన రోజున, ఇంత తొందరేమొచ్చిందయ్యా నీకని ఆ శవాన్ని నాలుగు తిట్టి గానీ ఏడుపు మొదలుపెట్టలేదు.

కానీ ఎండాకాలం ముగిసేసరికి ఆ కోపిష్ఠి మనిషి ముంగిట్లో ఊరి ఆడవాళ్ళంతా వచ్చి నిలబడేవాళ్ళు. వాళ్ళకి కావలసింది చిలగడదుంప తీగ. డిసెంబరులో మొహం చాటేసిన వాన మళ్ళీ మార్చి చివరికి గానీ రాదు. ఈలోగా మిట్ట పొలాల్లో తీగంతా మాడి పుల్లలవుతుంది, మిగిలిన నాలుగాకులూ మేకలు నమిలేస్తాయి. చిత్తడి పక్కన అమోదింగ్ మడి ఒక్కటే పచ్చగా ఉండేది. చుట్టూ ముళ్ళకంప కట్టి, సొరకాయ బుర్రతో బురదనీళ్ళు తోడి పోసి, మేకల మీదికి మట్టిగడ్డలు విసిరి, ఎండ నెలలన్నీ ఆమె ఆ తీగను కనిపెట్టుకుని ఉండేది.

తొలకరికి తీగ అడిగినవాళ్ళకి లేదనకూడదు. అది ఆ ఊరి కట్టు. వెల కట్టకూడదు. అడిగింది పగవాళ్ళైనా సరే, వట్టి చేతులతో పంపకూడదు. తీసుకున్నవాళ్ళు రుణం తీర్చుకునే దారి ఒక్కటే: ఎవరి మడిలోంచి వచ్చిందో ఆ మనిషి పేరే తీగకి పెట్టి పిలుస్తారు. దుంప కాల్చుకు తిన్నప్పుడల్లా ఆ పేరు నోట్లో మెదులుతుంది. అమోదింగ్ మడిలోని తీగ పేరు మాత్రం అమోదింగ్ కాదు, అపెదునో. అది ఆమె అత్త పేరు. ఒకరిద్దరు మొహమాటానికి 'అమోదింగ్ తీగ' అనబోతే, "నేను నీళ్ళు పోసేదాన్నే. తెచ్చింది ఆవిడ. పేరు మార్చావంటే పళ్ళు రాలగొడతా" అని ఆమే నోరు మూయించింది.

ఆవిడ తెచ్చిన తీరు అలాంటిది మరి. ఆవుల దాడుల రోజుల్లో, తూర్పు నుంచి తుపాకులతో వచ్చినవాళ్ళు ఊళ్ళోని పశువులన్నిటినీ తోలుకుపోయి గాదెలు తగలబెట్టినప్పుడు, జనం చేతికందింది పట్టుకుని పరుగెత్తారు. ఒకరు కుండ తీసుకున్నారు, ఒకరు దుప్పటి తీసుకున్నారు. అపెదునో తడిగుడ్డలో చిలగడదుంప తీగ చుట్టి, ఆ చుట్టను తలపాగాలా పెట్టుకుని, కోడళ్ళిద్దరినీ ముందు నడిపించింది. "అత్తకి మతి పోయింది" అనుకుంది అప్పటికింకా పడుచుదైన అమోదింగ్. ఊళ్ళు వదిలి పారిపోయినవాళ్ళని ఉంచిన శిబిరంలో స్నానాల నీళ్ళు పారే కాలవ పక్కన ముసలామె ఆ తీగ గుచ్చింది. ఎర్రతోలు, లోపల తెల్లగా పొడిపొడిగా ఉండే దుంప. శిబిరంలో పిల్లలు పిట్టల్లా రాలిపోతున్న ఏడు, అమోదింగ్ పెద్దకొడుకు ఆ దుంప తిని బతికాడు. ఊరికి తిరిగొచ్చాక అందరి పొలాల్లోనూ అదే తీగ పాకింది.

అపెదునో పోయాక మడి పెద్దకోడలికి వచ్చింది. చిన్నకోడలు అగుటికి అది మింగుడు పడలేదు. "నాకు మాత్రం అత్త కాదా? చివరి రోజుల్లో అన్నం పెట్టింది నేను, మడి మాత్రం నీదా?" అని దినం రోజునే అందరి ముందూ నిలదీసింది. అమోదింగ్ ఊరుకుంటుందా? "అన్నం పెట్టావు సరే, మేకలొస్తే పడుకుని నిద్రపోయేదెవరు?" అంది. మాటా మాటా పెరిగింది. అగుటి మొగుణ్ణి, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఓ చంకెడు తీగ కోసుకుని చిత్తడి అవతలి గట్టుకి వెళ్ళి గుడిసె వేసుకుంది. అప్పటినుంచి తోడికోడళ్ళిద్దరికీ మాటల్లేవు. చర్చిలో కూడా ఒకరు కుడివైపు కూర్చుంటే ఇంకొకరు ఎడమవైపు.

ఆ ఇంటికి, చుట్టుపక్కల కొన్ని పాతిళ్ళకి ఉన్నట్టే, ఇంకో ఆచారం ఉంది. అదే కొంప ముంచింది. ఎక్కడినుంచైనా కొత్త తీగ వస్తే మొదటి కారు పంటకి దాన్ని విడిగా నాటకూడదు. ఇంటి పాత తీగ ఉన్న మట్టికుప్పలోనే, దాని పక్కనే గుచ్చాలి. కొత్తకోడలు తన గుడిసె లేచేదాకా అత్త గుడిసెలో పడుకోదూ, అలాగే. పాత తీగ దగ్గర కొత్త తీగ ఈ మట్టిని నేర్చుకుంటుందని అపెదునో చెప్పేది. అమోదింగ్ ఎవరి మాటా వినని మనిషి, కానీ అత్త మాట జవదాటేది కాదు.

ఒక ఏడు వానలతోపాటు లారీ వచ్చింది. ప్రాజెక్టువాళ్ళది. లారీ నిండా తీగ. లోపల నారింజరంగుండే దుంపట. అది తింటే పిల్లలకి రేచీకటి రాదట. నీలం చొక్కా వేసుకున్నాయన చెట్టుకింద అందర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. మాట తియ్యగా ఉంది. గుంపుకి పెద్దగా అమోదింగ్‌ను పెట్టి, "ఎవరెవరికి ఇవ్వాలో నువ్వే చెప్పమ్మా, ఈ ఊరి ఆడవాళ్ళు నీకే తెలుసు" అన్నాడు. ఆమె గడగడా అందరి పేర్లూ చెప్పింది.

"అవతలి గట్టున ఎవరో ఉన్నారు కదా?" అని అడిగాడు ఆయన, చిత్తడి మీదుగా పైకి లేస్తున్న పొయ్యి పొగ చూసి.

"అక్కడ మనుషులెవరూ లేరు" అంది అమోదింగ్.

పక్కనున్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నీలం చొక్కాయన తల ఊపి ఊరుకున్నాడు.

కొత్త తీగను అపెదునో పక్కన గుచ్చడం ఆయన తన కళ్ళతో చూశాడు. ఆ ఆచారమేంటో అడిగి తెలుసుకుని, "చాలా బాగుంది, చాలా బాగుంది" అని ఫొటో తీయించుకున్నాడు. ఆ ఫొటో ఏ గోడ మీద వేలాడుతోందో గానీ, ఆ గోడ కూలిపోవాలని తర్వాత అమోదింగ్ తిట్టని రోజు లేదు.

ఆ ఏడు ఏమీ తేడా కనపడలేదు. కొత్త తీగ ఆకుల అడుగున, ఊదితే పొడిలా లేచే తెల్లదోమ కాస్త ఎక్కువగా ఉందని మాత్రం ఆమె గమనించి, బూడిద చల్లింది. ఎండాకాలంలో మడిలో కొన్ని తీగలు గిడసబారితే ఎండ దెబ్బ అనుకుంది. తొలకరి పడగానే ఎప్పటిలా ఆడవాళ్ళొచ్చారు. ఎప్పటిలా తిడుతూనే కట్టలు కట్టలు కోసిచ్చింది. ఊరంతా నాటుకుంది.

తర్వాత చూడాలి ఆ పొలాల సంగతి. అరచేయంత వెడల్పు తిరగాల్సిన ఆకులు నులిమేసినట్టు సన్నగా, గడ్డిపోచల్లా వచ్చాయి. ఈనెలు పాలిపోయాయి. తీగ పాకదు, జానెడు ఎత్తులో ముడుచుకుని కూర్చుంటుంది. తవ్వితే దుంప లేదు, బొటనవేలంత వేళ్ళు తప్ప. కొత్త తీగా అంతే, పాత తీగా అంతే. తేసో ఇంట్లో దుంపను చెక్కలుగా కోసి ఎండబెట్టుకునే అముకెకే లేకపోతే ఎండాకాలం పొయ్యి మీద పెట్టడానికేమీ ఉండదు. ఆ ఏడు బండరాళ్ళ మీద ఆరబెట్టినవి బట్టలు మాత్రమే. పిల్లలు పచ్చి మామిడిపిందెలు తిని కడుపునొప్పితో మెలికలు తిరిగారు.

ఆకలేసినప్పుడు మనిషికి ముందుగా కావలసింది తిట్టడానికి ఇంకో మనిషి. ఊరికి ఎక్కువ వెతుక్కోవలసిన పని లేకపోయింది. తీగ ఎవరిచ్చారు? అమోదింగ్. నోరు ఎవరికి పెద్దది? అమోదింగ్‌కి. తిడుతూ ఇచ్చిన తీగ కాబట్టి తిట్టు తగిలిందన్నారు కొందరు. కావాలనే ఏదో చేసిందన్నారు ఇంకొందరు. వంశం పెద్ద ఎలుంగట్ ఇంటి ముందు అజోనో అనే రాగుల కల్లు కుండ పెట్టి పంచాయితీ కూర్చోబెట్టారు. కుండలో వేడినీళ్ళు పోసి, చుట్టూ కూర్చున్న ప్రతివాళ్ళ చేతికీ పొడవాటి గొట్టం అందించి, అందరూ ఒకే కుండలోంచి తాగుతూ మాట్లాడుకోవడం అక్కడి పద్ధతి. ఆ రోజు అమోదింగ్ చేతికి గొట్టం ఇవ్వలేదు.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. నిలబడే ఉంది.

"కూర్చో అమ్మా" అన్నాడు ఎలుంగట్.

"గొట్టం లేకుండా కూర్చోడానికి నేనేమన్నా కుక్కనా మామా? ఇక్కడ తాగుతున్నవాళ్ళలో నా మడి తీగ తినకుండా పెరిగినవాడు ఒక్కడుంటే లేవమనండి. వాడు అడిగితే జవాబు చెబుతా."

ఎవరూ లేవలేదు. ఎలుంగట్ గొంతు సవరించుకున్నాడు. "నిన్నెవరూ మంత్రగత్తె అనలేదు. తీగ చెడింది. ఆ మడి ఉంటే మళ్ళీ వచ్చే ఏడూ ఇదే. పీకి కాల్చెయ్. ఊరి మాట ఇది."

"ఊరి మాట? ఆ తీగ నెత్తిన పెట్టుకుని మా అత్త పరుగెత్తినప్పుడు ఈ ఊరు ఎక్కడుంది? మీరంతా పొదల్లో ఉన్నారు. కాలుస్తారట, కాలుస్తారు. నన్ను ముందు కాల్చండి."

ఇంటికొచ్చి కత్తి తీసుకుని మడి దగ్గరే కూర్చుంది. వచ్చేవాళ్ళ కాళ్ళు నరుకుతానంది. నరికే మనిషే కాబట్టి ఎవరూ రాలేదు. కానీ వంగి ఆకుల్ని చూసుకున్న ప్రతిసారీ అవి ఇంకాస్త సన్నబడి ఉండేవి. తీగ చచ్చిపోతోంది, అది కనపడుతూనే ఉంది. తూర్పు నుంచి వచ్చినవాళ్ళు చంపలేనిది, శిబిరం చంపలేనిది, తన చేతుల్లో చచ్చిపోతోంది. ఎందుకో తెలిస్తే కనీసం ఎవర్ని తిట్టాలో తెలిసేది.

అలా కాపలా కాస్తుండగా వచ్చింది అకోల్. పరిశోధన కేంద్రంలో మొక్కల తెగుళ్ళు చదివే మనిషి, తేసో పిల్లే, మోటారుసైకిల్ వెనక కూర్చుని వచ్చింది. ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ఆకులు కోసుకుంటూ తిరుగుతోంది. కత్తి పట్టుకున్న అమోదింగ్‌ను చూసి కంచె బయటే ఆగింది.

"ఆకు కొయ్యొచ్చా పెద్దమ్మా?"

"కోసి ఏం చేస్తావ్? ఫొటో తీసుకుంటావా?"

"లేదు. లోపల ఎవరున్నారో చూస్తా."

ఆ మాట అమోదింగ్‌కి నచ్చింది. కత్తి కింద పెట్టింది. అకోల్ ఆకులు పట్టుకెళ్ళింది. అలా బయటినుంచి వచ్చి వెళ్ళినవాళ్ళు తిరిగిరావడం అమోదింగ్ అంతకుముందు చూడలేదు గనక ఆశ పెట్టుకోలేదు. కానీ అకోల్ తిరిగొచ్చింది, ఈసారి మడి గట్టు మీద బురదలోనే చతికిలబడి కూర్చుంది.

"మీ తీగలో వైరస్‌లు రెండున్నాయి పెద్దమ్మా. ఒకటి పాతది. ఎప్పటినుంచో ఉంది. మీ అత్తగారు నెత్తిన పెట్టుకుని తెచ్చినప్పుడు కూడా ఉండే ఉంటుంది."

అమోదింగ్ ముఖం నల్లబడింది. "మా అత్త తెగులు తీగ తెచ్చిందంటున్నావా?"

"దాదాపు ప్రతి తీగలోనూ ఉంటుంది. ఉన్నా నోరెత్తదు, ఎందుకంటే మొక్క దాన్ని ఎత్తనివ్వదు. మొక్కకి కాళ్ళు లేవు, నోరు లేదు, కానీ కాపలా ఉంది. చెబుతా, వినండి." అకోల్ పుల్ల తీసి బురదలో పొడుగ్గా ఒక గీత గీసింది. "వైరస్ లోపలికి వస్తూ ఒక ఆజ్ఞ తెచ్చుకుంటుంది. నాలాంటివాళ్ళని ఇంకా పుట్టించండి అని. మా భాషలో దాన్ని ఆర్ఎన్ఏ అంటాం. మొక్క ఆ ఆజ్ఞని పట్టుకుని తునకలు తునకలుగా కోసేస్తుంది." గీతను అక్కడక్కడా చెరిపింది. "ఆ తునకల్ని పారెయ్యదు. ఒక్కోటీ ఒక్కో కాపలావాడి చేతికిస్తుంది, ఆనవాలుగా. ఇలాంటిది ఎక్కడ కనపడ్డా నరికెయ్ అని. అందుకే పాతది మీ తీగలో ఇన్నేళ్ళూ నక్కి బతికిందే గానీ, తల ఎత్తలేదు."

"మరి ఇప్పుడెందుకు ఎత్తింది?"

"రెండోది వచ్చింది కాబట్టి. అది తెల్లదోమ మీద ఎక్కి వస్తుంది. దాని దగ్గర ఒక కత్తెర ఉంది. అది కాపలావాళ్ళని ఏమీ చెయ్యదు. వాళ్ళ చేతుల్లోని ఆనవాళ్ళని ఇంకా చిన్న ముక్కలు చేసేస్తుంది, దేనికీ పనికిరాకుండా. కాపలావాడు నిలబడే ఉంటాడు, కత్తీ ఉంటుంది, కానీ ఎవర్ని నరకాలో తెలీదు. అప్పుడు లేచింది మీ పాతది. వందల రెట్లు లేచింది. ఆకు నులిమింది అదే."

అమోదింగ్ వంగి ఆ చెరిగిన గీత ముక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడిమింది. అకోల్ ఆమెకి అర్థం కాలేదేమో అనుకుని మళ్ళీ మొదలుపెట్టబోయింది.

"ఆపు. అర్థమైంది" అంది అమోదింగ్. "నువ్వు అప్పటికి పుట్టావో లేదో. మా కుర్రాళ్ళు రాత్రిళ్ళు పశువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు. తుపాకులుండేవి. ఎవరో వచ్చి, ఇక శాంతి వచ్చింది, ఇవెందుకు మీకని అవి పట్టుకుపోయారు. కుర్రాళ్ళు అలాగే నిలబడ్డారు, వట్టి చేతులతో. ఆ తర్వాతే ఆవులు పోయాయి. ఆవులు తోలుకుపోయినవాళ్ళని అందరూ తిడతారు. చేతుల్లోవి తీసుకుపోయినవాళ్ళని తిట్టడానికి ఎవరికీ గుర్తే ఉండదు."

అమోదింగ్ అకోల్ వైపు తిరిగింది.

"ఆ రెండోది ఎవరు తెచ్చారు?"

"లారీ తీగలో వచ్చింది. అది దక్షిణాన, పెద్ద సరస్సు వైపు నుంచి తెచ్చిన తీగ. అక్కడ తెల్లదోమ విపరీతం."

"నీకెప్పుడు తెలిసింది?"

అకోల్ పుల్లను బురదలో గుచ్చింది. అబద్ధమాడే మనిషైతే అక్కడే ఆడేసేది. "సరస్సు వైపు ఈ తెగులుందని ముందే తెలుసు పెద్దమ్మా. తీగ పరీక్ష చేశాకే పంపండని ప్రాజెక్టువాళ్ళకి కాగితం పంపాం. వానలు మొదలయ్యాయి, ఇక ఆగలేం అన్నారు."

"వాళ్ళకి చెప్పారు. మాకెందుకు చెప్పలేదు?"

"మీరెక్కడున్నారో మాకు తెలీదు."

"లారీకి తెలిసింది కదా." అమోదింగ్ లేచి నిలబడింది. ఆమె గొంతు పెరగలేదు, అది మరీ భయంగా ఉంది. "పిల్లల కళ్ళు బాగుచేస్తామని వచ్చి వాళ్ళ కడుపులు కొట్టారు. పేర్లు నాచేత చెప్పించారు. ఊరు నన్ను వెలివేస్తే ఆ నీలం చొక్కావాడు ఎక్కడో ఇంకో చెట్టుకింద చాలా బాగుంది, చాలా బాగుంది అంటూ ఉంటాడు. నేను ఎవర్ని నరకనే పిల్లా? చెప్పు. ఎవర్ని?"

"నరకాల్సింది ఈ మడినే" అంది అకోల్ మెల్లగా. "దీనికి మందు లేదు. తీగ లోపల ఉంది కాబట్టి ఏ ముక్క నాటినా ఇదే వస్తుంది. ఇక్కడ ఉన్నంతకాలం తెల్లదోమ ఇక్కడినుంచి మోస్తూనే ఉంటుంది. ఒక్కటి చెప్పండి. రెండూ ఒకే మట్టికుప్పలో ఉన్నాయేంటి? కొత్తదీ పాతదీ అలా ఆకుకి ఆకు ఆనించి నాటమని ప్రాజెక్టువాళ్ళు చెప్పారా?"

అమోదింగ్ నోరు తెరిచింది. ఆ నీలం చొక్కావాడే చెప్పాడని అనేస్తే సరిపోయేది. అనలేకపోయింది.

"లేదు. మా అత్త చెప్పింది."

అకోల్ ఆమె మొహం వైపు చూడకుండా చిత్తడివైపు తిరిగింది. "ఈ అపెదునో తీగే, కొత్తదాని పక్కన పడుకోనిది ఎక్కడైనా ఉందా? దూరంగా, విడిగా? ఉంటే బతికించొచ్చు."

ఉంది. ఎక్కడుందో అమోదింగ్‌కి ఆ క్షణమే తెలిసింది, తెలియగానే ఒళ్ళంతా కారం రాసినట్టయింది. చిత్తడి అవతల, జమ్ము దాటాక, మనుషులెవరూ లేరని తను చెప్పిన చోట ఉంది. పగతో పేరు చెప్పకుండా వదిలేసింది కాబట్టి లారీ తీగ అక్కడికి పోలేదు. ఊళ్ళో తన మంచితనం ఎక్కడెక్కడికి వెళ్ళిందో అక్కడంతా నాశనమైంది. తన ఓర్వలేనితనం ఉన్న ఒక్కచోటే అత్త తీగ బతికుంది. దేవుడనేవాడుంటే ఆయన్ని కూడా నాలుగు అడగాలనిపించింది ఆమెకి.

మర్నాడు పొద్దున ఆమె మడి మొత్తం పీకింది. ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వేళ్ళతో సహా లాగి, కుప్ప వేసి, ఎండు జమ్ము కప్పి నిప్పు పెట్టింది. పచ్చి తీగ తొందరగా అంటుకోలేదు, పొగ మాత్రం ఊరంతా కమ్మింది. కంచె అవతల ఆడవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ఎలుంగట్ కూడా వచ్చాడు. "మంచి పని చేశావమ్మా" అన్నాడు.

"మీ కోసం చెయ్యలేదు మామా. మీ పొలాల్లో ఉన్నది కూడా పీకండి. పీకనివాళ్ళ ఇంటికొచ్చి నేనే పీకుతా. తాగడానికి గొట్టం ఇవ్వకపోయినా ఫరవాలేదు, పీకడానికి నా చేతులు చాలు."

అన్నట్టే చేసింది. ఏడ్చేవాళ్ళని ఏడవనిచ్చి, తిట్టేవాళ్ళని తిరిగి తిట్టి, ఇంటింటి పొలంలో గడ్డిపోచ ఆకులున్న ప్రతి తీగా లాగించింది. ఆ తర్వాత మొహం కడుక్కుని, ఉతికిన బట్ట కట్టుకుని, చిత్తడి చుట్టూ నడిచి అవతలి గట్టుకి వెళ్ళింది.

అగుటి వేరుసెనగలు దంచుతోంది. తోడికోడల్ని చూసి రోకలి ఆపలేదు. ఆమె గుడిసె పక్కనే, పల్లంలో, చిన్న మడి. ఆకులు అరచేయంత. అమోదింగ్ దారి చెబితే అకోల్ ముందురోజే వచ్చి చూసి వెళ్ళింది, పాత వైరస్ ఇందులోనూ ఉంది, కానీ కట్టేసినట్టే ఉంది అని చెప్పి.

"మనుషులెవరూ లేని చోటికి వచ్చావేంటక్కా?" అంది అగుటి.

ఆ మాట ఎవరు మోశారో అమోదింగ్ అడగలేదు. "తీగ కావాలి" అంది.

"గట్టిగా చెప్పు. రోకలి చప్పుడులో వినపడలేదు."

వినపడింది. ఇద్దరికీ తెలుసు. అమోదింగ్ దవడలు బిగిశాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోదామని కాలు కదిలింది కూడా. కానీ ఆ పల్లంలోని పచ్చదనం మీదినుంచి కళ్ళు తిప్పుకోలేకపోయింది. పన్ను ఎవరైనా పీకుతుంటే నోరు తెరిచినట్టు తెరిచి, "తీగ కావాలి అగుటీ. ఊరందరికీ కావాలి. అడుగుతున్నాను" అంది.

అగుటి రోకలి గోడకి ఆనించింది. "అడిగినవాళ్ళకి లేదనకూడదు. అత్త నాకు కూడా నేర్పింది. ఇస్తా. కానీ ముందు ఒక్కటి చెప్పు. ఊళ్ళో చంటిపిల్లలున్నవాళ్ళందరికీ ఇప్పించావు. నా చిన్నదానికి చీకటి పడితే కళ్ళు కనపడవని నీకు తెలుసు. ఆ దుంప దానికే కావలసింది. తెలిసి ఎందుకు చెప్పలేదు నా పేరు?"

"కోపం."

"అంతేనా?"

"అంతే. ఇంకేం కావాలి నీకు? తప్పైంది అనమంటావా? అంటే నీ పిల్ల కళ్ళు వస్తాయా?"

"రావు" అంది అగుటి. "ఆ లారీ తీగ వచ్చుంటే నా పిల్లకి కళ్ళూ వచ్చేవి కాదు, తిండీ ఉండేది కాదు, ఈ మడీ ఉండేది కాదు. అది తలుచుకుంటే నిన్ను సరిగ్గా తిట్టడానికి కూడా లేకుండా పోయింది. అదే నా మంట." కత్తి తీసుకుని మడిలోకి దిగింది. వంగి కోస్తూ, తల ఎత్తకుండా అంది, "నీ పాత మడిలో నాటకు. అక్కడ ఇంకా వేళ్ళుంటాయి. మిట్ట మీద వేరే చోట పెట్టు. మిగతావాళ్ళని నా దగ్గరికే రమ్మను. వాళ్ళకి నేనే ఇస్తా."

ఆ చివరి మాటకి అర్థం అమోదింగ్‌కి ఇంటికి సగం దారిలో తెలిసింది. తీగకట్ట నెత్తిన పెట్టుకుని జమ్ము మధ్య ఆగిపోయింది. ఎవరి మడిలోంచి వస్తే వాళ్ళ పేరు. అపెదునో మడి బూడిదైపోయింది. దాన్ని కాల్చింది తనే. ఊరంతా ఇప్పుడు అగుటి మడి దగ్గర నిలబడుతుంది.

అలాగే జరిగింది. ఎవరూ కావాలని చెయ్యలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. "అగుటి నాటావా?" "మా అగుటి బాగా పాకింది." మొదట్లో అమోదింగ్ విన్నచోటల్లా కలబడింది. "అపెదునో అనండి. అది అపెదునో." జనం సరే సరే అని, ఆమె అటు తిరగ్గానే అగుటి అన్నారు. ఆకలి తీర్చిన మనిషి పేరు నోటికి వస్తుంది గానీ, చచ్చి మట్టిలో కలిసిన ముసలామె పేరెందుకు వస్తుంది? ఎలుంగట్ ఇంటి ముందు అజోనో కుండ పెట్టి, ఆమెను పిలిచి, అందరికన్నా ముందు ఆమె చేతికి గొట్టం ఇచ్చారు. తీసుకుంది, తాగింది. తాగుతున్నంతసేపూ వాళ్ళు కొత్త దుంప గురించి మాట్లాడుకున్నారు. ఎండబెట్టిన చెక్కలు వేరుసెనగ ముద్దలో ఎంత బాగా ఉడుకుతున్నాయో చెప్పుకున్నారు. ఎన్నిసార్లు అగుటి అన్నారో. ఆ చప్పుడు చెవిలో పడ్డ ప్రతిసారీ ఆమె గొట్టం గట్టిగా కొరికింది.

మిట్ట మీది చోట ఎండకి నిలవదని తర్వాత చిత్తడి పక్కనే, పాత మడికి దూరంగా, ఇంకో మడి చేసుకుంది. మళ్ళీ ముళ్ళకంప, మళ్ళీ సొరకాయ బుర్ర, మళ్ళీ మేకల మీదికి మట్టిగడ్డలు. వంగి ఆకులు తిప్పి చూడడం మాత్రం కొత్త అలవాటు. ఆకు కాస్త సన్నబడ్డట్టు అనిపిస్తే ఆ తీగను వేరుతో లాగి పొయ్యిలో పెట్టేసేది, అది నిజంగా తెగులో కాదో ఆగి చూసేది కాదు.

ఆ మరుసటి తొలకరికి పొరుగూరి నుంచి ఒక కొత్తకోడలు వచ్చింది. అవతలి గట్టుకి పోయే దారి నీళ్ళు నిండి మూసుకుపోయిందట, ఎవరో ఇటు పంపారు. కంచె దగ్గర తడుస్తూ నిలబడి, పెద్దవాళ్ళ ముందు వంచాల్సినట్టు మోకాళ్ళు వంచి అడిగింది.

"అమ్మమ్మా, అగుటి తీగ ఉందా?"

 ఆ పేరుతో తన దగ్గర తీగ లేదని చెప్పి పంపేద్దామని అమోదింగ్‌కి నాలుక చివరిదాకా వచ్చింది. అడిగినవాళ్ళకి లేదనకూడదు. వంగి, కత్తితో కోసి, కట్ట కట్టి పిల్ల చేతిలో పెట్టింది.

"మీ ఇంట్లో వేరే తీగ ఉందా?"

"ఉందమ్మమ్మా. మా అత్తది. చాలా పాతది. కొత్తది తేగానే దాని పక్కనే గుచ్చమంది, మొదటి కారు అలా పడుకోవాలట."

అమోదింగ్ ఆ పిల్ల చెయ్యి వదల్లేదు.

"గుచ్చకు. అత్త చెప్పినా, అత్తకి అత్త లేచొచ్చి చెప్పినా గుచ్చకు. దూరంగా పెట్టు, నువ్వు అరిస్తే వినపడనంత దూరంగా. తిడితే తిట్టించుకో. ఎందుకని అడిగితే నా పేరు చెప్పు. అమోదింగ్ అని ఒకతె అలాగే పక్కన గుచ్చి, తన అత్తను చంపుకుందని చెప్పు."

పిల్ల భయపడి చెయ్యి విడిపించుకుని, తీగకట్ట నెత్తిన పెట్టుకుని వానలో గబగబా నడిచిపోయింది.